మైనం కరిగితే మళ్లీ మొదలు: బొబ్బిలి వీణ మేళం డైరీ

విజయనగరంలో ఒక ఇంటి అటక మీద ఏళ్ల తరబడి మూలపడి ఉన్న బొబ్బిలి వీణ ఇది. కుండ (గుండ్రటి బుర్ర) బాగుంది, దండి (పొడుగాటి మెడ) బాగుంది, కొసన చెక్కిన యాళి తల మీద రంగు కూడా పెద్దగా పోలేదు. పోయిందల్లా మేళం, అంటే దండి మీది మైనం గట్లు, వాటిలో నిలబెట్టిన ఇత్తడి మెట్లు. అటక మీద ఎండాకాలపు వేడికి మైనం కుంగింది, మెట్లు పక్కలకు వాలాయి, ఎలకలు రెండు చోట్ల కొరికాయి. ఇలాంటి వీణను చూసి "ఇక పనికిరాదు" అనుకుని పక్కన పెట్టేసేవాళ్లు ఎక్కువ. నిజానికి వాద్యాలన్నింటిలోనూ తేలిగ్గా మళ్లీ లేపగలిగేది ఇలా పడిపోయిన వీణనే. మెట్లు చెక్కలో పాతి ఉండవు, మైనంలో నిలబడి ఉంటాయి. మైనం కరుగుతుంది, మళ్లీ గట్టిపడుతుంది. చేసిన తప్పు కూడా దానితోపాటే కరిగిపోతుంది. కొత్తగా చెయ్యి పెట్టేవాళ్లకు అంతకంటే ధైర్యం ఏం కావాలి?

రోజుకు గంట, గంటన్నర పని. సంక్రాంతి వెళ్లాక మొదలుపెట్టాం. ఈ పనికి మాఘమాసం మంచిది. మరీ ముందు, డిసెంబరు చలి పొద్దుల్లో మైనం పెళుసుగా విరుగుతుంది. మార్చి దాటితే వేళ్లకు అంటుకుని వదలదు.

1వ రోజు: విప్పడం

తీగలు విప్పేటప్పుడు ఒకదాన్ని పూర్తిగా వదిలేసి ఇంకోదాని దగ్గరకు వెళ్లకూడదు. ఏడింటినీ బిరడాకు (తీగ బిగించే చెక్కమేకుకు) ఒక్కో చుట్టు చొప్పున తిప్పుతూ కలిపి దించాలి. శ్రుతిలో ఉన్నప్పుడు సారణి (వాయించే నాలుగు తీగల్లో మొదటిది) ఒక్కటే దాదాపు 4 కిలోల బరువు వేలాడదీసినంత బలంగా లాగుతుంది. అన్నేళ్లు ఆ లాగుడుకు అలవాటు పడిన చెక్కను ఒక్కసారి వదిలేస్తే పాత పగులు ఏదైనా ఉంటే నోరు తెరుస్తుంది.

తీగలు తీసేముందే చెయ్యాల్సిన పని ఒకటుంది. దండి పొడవునా ఒక కాగితం పట్టీ పరిచి, మేరువు (బిరడాల వైపు తీగలు ఆనే పట్టీ) అంచు నుంచి ప్రతి మెట్టు ఎక్కడుందో పెన్సిల్‌తో గీత పెట్టుకోవాలి. మెట్లు వాలిపోయి ఉన్నా సరే. పాత మేళం కట్టిన చేతికి తెలిసిన లెక్క ఆ గీతల్లో ఉంటుంది. మెట్లు ఊడదీసేటప్పుడు అడుగున 1 నుంచి 24 వరకు మార్కరుతో నంబర్లు వేశాం. అన్నీ ఒకేలా కనిపిస్తాయి గాని కావు. మేరువు దగ్గరివాటికీ గుర్రం (కుండ మీద తీగలు ఆనే వంతెన) దగ్గరివాటికీ పొడవులో తేడా ఉంటుంది.

మైనం గీకడానికి ఇనుప చాకు వద్దు. వెదురు బద్దను వాలుగా చెక్కుకుంటే చెక్కకు గాటు పడదు. పాత మైనం మొత్తం 510 గ్రాములు తూగింది. పారెయ్యలేదు. నీళ్లగిన్నెలో పెట్టి కరిగించి పలచటి గుడ్డలో వడకడితే దుమ్ము, వెంట్రుకలు, ఎలక పెంటికలు పోగా 420 గ్రాములు మిగిలింది.

2, 3 రోజులు: చెక్క

బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాలవారు చేసే వీణలకు పేరు తెచ్చింది ఏకాండి పద్ధతి. కుండా దండీ ఒకే పనసదుంగలోంచి తొలుస్తారు. బాగుచేసేవాళ్లకు దీనివల్ల ఒక మేలు, ఒక తంటా. మేలేమిటంటే, అతుకుల వీణలో లాగా దండీ కుండా కలిసేచోట ఊడిపోయే భయం లేదు. తంటా ఏమిటంటే, పగిలితే ఈనె వెంబడి పొడుగ్గా పగులుతుంది, ఎక్కడ ఆగిందో కంటికి ఆనదు. టార్చిలైటు పక్కనుంచి వాలుగా వేసి చూస్తే నీడలో గీత కనిపిస్తుంది. కుండ పక్కన 7 సెం.మీ. గీత ఒకటి దొరికింది. వేలితో నొక్కితే కదలడం లేదు కాబట్టి తీసి అతకాల్సిన పగులు కాదు, నింపితే చాలు. పనసపొట్టును మెత్తగా జల్లించి, చెక్క జిగురుతో ముద్ద చేసి, చాకు మొనతో లోపలికి కూరి ఒక రోజు వదిలేశాం. టేకుపొట్టు వాడితే రంగు తేడా కొడుతుంది. పనసకు పనసే.

దండి వెనక సూదిబెజ్జాలు అయిదారు ఉన్నాయి. పుచ్చుపురుగు పని. పురుగు ఇంకా లోపల ఉందా లేదా అన్నది తెలుసుకోవడానికి నల్ల కాగితం మీద వీణను బోర్లించి ఒక రాత్రి ఉంచాలి. తెల్లారేసరికి పిండి రాలి ఉంటే ఉన్నట్టు. మాకు రాలలేదు. రాలితే హార్డ్‌వేర్ కొట్లో దొరికే చెదమందును సిరంజితో ఒక్కో బెజ్జంలోకి ఎక్కించి, పైన మైనం అద్ది, వారం ఆగాల్సి వచ్చేది. ఆ పని చేసేవాళ్లు చేతులకు తొడుగులు వేసుకోండి, ఆరుబయట చెయ్యండి.

దండి వంగిందేమో చూడటానికి దాని అంచు వెంబడి ఒక కొస నుంచి ఇంకో కొసకు దారం బిగించి, మధ్యలో దారానికీ చెక్కకూ ఎడం కొలవాలి. ఇక్కడ 2 మి.మీ. పల్లం వచ్చింది. ఇంతైతే మైనం ఎత్తులో సర్దేయవచ్చు. 5 దాటితే మాత్రం మైనం పని కాదు, చేసినవాళ్ల దగ్గరికే తీసుకెళ్లాలి.

4వ రోజు: బిరడాలు

జారే బిరడాకు సుద్ద, బిగుసుకున్న బిరడాకు పొడి సబ్బు. రెండూ కలిపి పూస్తే రెంటికీ చెడుతుంది. బిరడా తీసి చూస్తే రుద్దుకున్నచోట మెరుపు ఉంగరాల్లా కనబడుతుంది. రెండు కొసల దగ్గరా మెరుపు ఉంటే బాగా కూర్చుంటోందని. ఒక్కవైపే ఉంటే ఆ వైపు 400 నంబరు గరుకు కాగితంతో నాలుగు తిప్పులు తిప్పి మళ్లీ పెట్టి చూడాలి. ఏడింటిలో మంద్రం (మూడో తీగ) బిరడా ఒక్కటే మొండికేసింది, అరగంట పట్టింది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఒక మాట. మొదటి రోజే మైనం జోలికి పోకండి. బిరడాలతో మొదలుపెట్టండి. గంటలో మొదలై గంటలో పూర్తయ్యే పని. పొద్దున జారిన బిరడా సాయంత్రానికి నిలబడుతుంది. మనసు బాగోలేని రోజుల్లో, ఏ పనికీ చెయ్యి రానప్పుడు, ఇలా కళ్లముందు తేలే చిన్న పని ఒకటి ముగిస్తే మర్నాడు మళ్లీ ఆ గదిలోకి రాబుద్ధి అవుతుంది.

5, 6 రోజులు: మెట్లు

ఇరవై నాలుగు ఇత్తడి మెట్లు, పచ్చబారి ఉన్నాయి. చింతపండు గుజ్జులో పావుగంట నానబెట్టి, కడిగి, తుడిచి, 400, 800, 1500 నంబర్ల కాగితాలతో వరసగా రుద్దాం. పొడవు వెంబడే రుద్దాలి. అడ్డంగా రుద్దితే ఆ సన్న గీతలు తీగకు తగిలి గమకం లాగినప్పుడు (స్వరం ఊగేలా తీగను మెట్టు మీద పక్కకు లాగినప్పుడు) గరగరమంటాయి.

సారణి కింద ఏళ్ల తరబడి లాగిన చోట గాళ్లు పడ్డాయి. 4, 5, 7, 9 మెట్ల మీద లోతుగా ఉన్నాయి. గాడి పోయేదాకా మొత్తం అరగదీస్తే మెట్టు పలచనవుతుంది. తేలిక దారి మెట్టును తలకిందులు కాకుండా ఇటుది అటు తిప్పడం. అరిగిన కొస అనుమంద్రం (నాలుగో తీగ) వైపు పోతుంది, అక్కడ లాగుడు తక్కువ. అంతకుముందు ఎవరైనా తిప్పి ఉంటే మాత్రం రెండు కొసలా గాడి ఉంటుంది, అప్పుడు కొత్తది పోయించడమే దారి. ఇక్కడ ఏడో మెట్టుకు ఆ గతి పట్టింది.

7వ రోజు: మైనం కొనడం

అసలైన తేనెమైనం కావాలి. సీతంపేట, పార్వతీపురం వైపు కొండల్లో తేనె తీసేవాళ్ల దగ్గర ముద్దలుగా దొరుకుతుంది. బజారులో 'తేనెమైనం' పేరుతో అమ్మేదాంట్లో కొవ్వొత్తుల మైనం కలిసి ఉండటం మామూలే. పట్టుకునే పద్ధతి: చిన్న ముక్క విరిచి చూడండి. అసలుదైతే విరిగినచోట గరుకుగా గింజగింజలుగా ఉంటుంది, వేళ్ల మధ్య నలిపితే మెత్తబడి సాగుతుంది. కల్తీది నున్నగా, జారుడుగా, సబ్బులా ఉంటుంది. తేనెమైనం 62 నుంచి 64 డిగ్రీల దగ్గర కరుగుతుంది. కొవ్వొత్తి మైనం చాలా రకాలు అంతకంటే ముందే కరుగుతాయి, చల్లారేటప్పుడు ఎక్కువ ముడుచుకుంటాయి. దానివల్లే చెక్కకూ మైనానికీ మధ్య పగులు వచ్చి మెట్టు మొత్తం వరసతో సహా ఊడుతుంది.

ఎంత కావాలన్నది లెక్క. మైనం గట్టు ఒక్కోటి 62 సెం.మీ. పొడవు, 1.2 సెం.మీ. వెడల్పు, సగటున 2.5 సెం.మీ. ఎత్తు. రెండు గట్లకు 372 ఘన సెంటీమీటర్లు. కోతలో పోయేదాన్ని కలుపుకుని 500 గ్రాముల ముద్ద సరిపోతుంది. పాతది సగం, కొత్తది సగం తీసుకున్నాం.

8, 9 రోజులు: ముద్ద చెడింది, మళ్లీ చేశాం

మేళం మైనం నల్లగా ఉండేది అందులో కలిపే బొగ్గుపొడి వల్ల. ఆ నలుపు అందం కోసం అనుకుంటారు గాని, అది లేకపోతే మైనం వేసవిలో నిలబడదు. పొడి మైనానికి బిగువునిస్తుంది, వేళ్లకు అంటుకోకుండా చేస్తుంది. మరికాస్త గట్టిదనానికి గుగ్గిలం.

మొదటి ముద్ద: మైనం 300 గ్రాములు, బొగ్గుపొడి 150, గుగ్గిలం 30. చూడటానికి బ్రహ్మాండంగా వచ్చింది. చల్లారాక చాకు పెడితే జంతికలా పొడిపొడిగా విరిగింది. బొగ్గు మరీ ఎక్కువైంది. దాన్ని పారెయ్యకుండా మళ్లీ కరిగించి, ఇంకో 150 గ్రాముల మైనం చేర్చాం. అంటే మూడు పాళ్ల మైనానికి ఒక పాలు బొగ్గు. చాకుతో కోస్తే ఈసారి తాటిబెల్లం అచ్చులా శుభ్రంగా తెగింది. వేలిగోరుతో గట్టిగా నొక్కితే గుర్తు పడుతుంది, మెల్లిగా నొక్కితే పడదు. ఆ మెత్తదనం దగ్గర ఆగాలి.

జాగ్రత్తలు. మైనాన్ని నేరుగా మంట మీద పెట్టకూడదు. వెడల్పు గిన్నెలో నీళ్లు మరిగించి, అందులో చిన్న గిన్నె. నేరుగా పెడితే అడుగు మాడుతుంది, పొగ వచ్చిందంటే అంటుకోవడానికి ఎంతోసేపు పట్టదు. గుగ్గిలాన్ని ముందే మెత్తగా దంచి, మైనం పూర్తిగా కరిగాక చిటికెడు చిటికెడుగా వేసి కలపాలి. గడ్డలుగా వేస్తే అడుగున అలాగే కూర్చుంటుంది. నీళ్లగిన్నె వేడికి గుగ్గిలం తొందరగా కలవదు, ఓపిగ్గా ఇరవై నిమిషాలు తిప్పాలి. బొగ్గుపొడిని పాత పంచెగుడ్డలో మూటకట్టి దులిపితే రాలేది మాత్రమే వాడాలి. ఒక్క గరుకు రవ్వ ఉన్నా మెట్టు కింద అది రాయిలా అడ్డుపడి ఒక కొస పైకి లేస్తుంది.

నీళ్లు తడిపిన స్టీలు పళ్లెంలో ముద్దను పోసి, గోరువెచ్చగా అయ్యాక పూరీపిండిలా మర్దించాం. మర్దించేకొద్దీ గాలిబుడగలు పోతాయి. ఈ పని దాటేసేవాళ్లకు నెల తిరక్కుండా మెట్లు కుంగుతాయి.

10వ రోజు: కాగితం మీద లెక్క

మేరువు నుంచి గుర్రం దాకా ఈ వీణ తీగ పొడవు 82 సెం.మీ. పన్నెండు స్వరస్థానాలను సమంగా పంచితే మెట్లు మేరువు నుంచి ఎంతెంత దూరంలో పడాలో ముందు లెక్క కట్టాం. మొదటిది 4.6 సెం.మీ., రెండోది 8.95, నాలుగోది 16.9, అయిదోది 20.6, ఏడోది 27.3, తొమ్మిదోది 33.2, పన్నెండోది సరిగ్గా సగం 41. పైస్థాయిలో పందొమ్మిదోది 54.6, ఇరవై నాలుగోది 61.5.

ఈ అంకెల్లోనే మెట్లు పెట్టేస్తే వీణ శ్రుతిలో ఉండదు. ఎందుకంటే తీగను మెట్టుకు ఆనించడానికి కిందికి నొక్కుతాం. నొక్కితే సాగుతుంది, సాగితే స్వరం పెరుగుతుంది. పన్నెండో మెట్టు మీద తీగ 5 మి.మీ. ఎత్తున ఉందనుకుంటే, 0.30 మి.మీ. ఉక్కు సారణి దాదాపు 18 సెంట్లు (పక్కపక్క స్వరస్థానాల ఎడంలో నూరోవంతు ఒక సెంటు) పైకి పోతుంది. దాన్ని దించడానికి మెట్టును మేరువు వైపు 4 మి.మీ. పైచిలుకు జరపాలి. పాత కాగితం పట్టీని పక్కన పెట్టి చూస్తే పన్నెండో గీత 40.6 దగ్గర ఉంది! ఏ లెక్కా కట్టకుండా చెవితో పెట్టిన మెట్టు అది.

ఇంకో సంగతి. రెండో తీగ పంచమం లావు. 0.30 సారణికి జోడీగా 0.40 పంచమం వేస్తే రెండూ ఒకే బిగువున ఉంటాయి. మంద్రస్థాయి పంచమం కంపనాలు షడ్జం కంపనాల్లో నాలుగింట మూడొంతులు కాబట్టి తీగ లావు మూడింట నాలుగొంతులు కావాలి. అయితే లావు తీగ నొక్కుడుకు ఎక్కువ పెరుగుతుంది. అదే మెట్టు మీద సారణి 18 సెంట్లు పెరిగితే పంచమం 30 దాటుతుంది. అందుకే మెట్లు దండికి సరిగ్గా అడ్డంగా ఉండవు, పంచమం వైపు కొస ఒక్క పిసరు మేరువుకేసి వాలి ఉంటుంది. బయటివాళ్లు చూసి వంకరగా పెట్టారేమిటి అంటారు. వంకరే సరి.

11వ రోజు: గట్లు పరవడం

దండి అంచుల మీద చెక్కను ముందు వెచ్చబరచాలి. జుట్టు ఆరబెట్టే డ్రయ్యరు అడుగు దూరం నుంచి రెండు నిమిషాలు. చల్లటి చెక్క మీద వేడి మైనం పెడితే అంటినట్టే ఉంటుంది, అంటదు. మైనాన్ని వేలు లావు తాళ్లుగా చేసి, జానెడు జానెడు ముక్కలుగా ఒత్తుకుంటూ వెళ్లాం. ముక్కకూ ముక్కకూ మధ్య అతుకును వేడిచేసిన చాకుతో కరిగించి కలిపెయ్యాలి, లేదంటే సరిగ్గా ఏదో మెట్టు కిందికే ఆ అతుకు వస్తుంది. ఎప్పుడూ అక్కడికే వస్తుంది.

ఎత్తు కాస్త ఎక్కువే ఉంచాం. తీసెయ్యడం తేలిక, చేర్చడం కష్టం. రాత్రంతా చల్లారనివ్వడం. గుమ్మం దగ్గర కాకుండా లోపలిగదిలో, పైన గుడ్డ కప్పి. ఎలకలకు ఈ వాసన మహా ఇష్టం.

12వ రోజు: గుర్రం

గుర్రం మీద ఇత్తడి పలక పైకి కొద్దిగా ఉబ్బెత్తుగా ఉండాలి. తీగ పలక అంచును వదిలే చోటే నాదం పుట్టేది. మరీ చదునైతే తీగ పలకకు రాసుకుని సితారులా జుమ్మంటుంది, మరీ గుండ్రమైతే మూగబోతుంది. 1000 నంబరు కాగితాన్ని వేలికి చుట్టి, ఒక్కో తీగ కింద నాలుగంటే నాలుగు రాపిళ్లు రుద్ది, తీగ ఎక్కించి మీటి, మళ్లీ దించి. విసుగు పుట్టే పనే. సారణికి తొమ్మిదిసార్లు పట్టింది. తొమ్మిదోసారి మీటినప్పుడు నాదం మునుపటికి రెట్టింపుసేపు నిలిచింది. పక్కనుండే మూడు తాళపు తీగల గుర్రాన్ని తుడిచి వదిలేశాం.

13 నుంచి 17 వరకు: మెట్లు కూర్చోబెట్టడం

అసలు పని ఇప్పుడు. తీగలన్నీ ఎక్కించి 3 శ్రుతికి (పాశ్చాత్య స్వరాల్లో E) కట్టాం. సారణి షడ్జం, పంచమం, మంద్రం, అనుమంద్రం; పక్కన తాళపు తీగలు పక్క సారణి, పక్క పంచమం, పైస్థాయి షడ్జం పలికే హెచ్చు సారణి. తీగలు లేకుండా మెట్లు పెడితే, తర్వాత తీగల బిగువుకు దండి వెంట్రుకవాసి వంగి మొత్తం లెక్క తప్పుతుంది.

మెట్టును తీగల కిందనుంచి పక్కగా తోసి, గీత మీద నిలబెట్టి, 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ మొనను మెట్టు నడుమ ఆనించి 30 నుంచి 40 సెకన్లు. ఇత్తడి వేడిని రెండు కొసలకూ తీసుకెళుతుంది, అడుగున మైనం మెత్తబడుతుంది. చెక్కముక్కతో సమంగా నొక్కితే దిగుతుంది. నిమిషం దాటితే మైనం కారి మెట్టు మునుగుతుంది. పూర్వం నిప్పులో కాల్చిన ఊచతో చేసేవారు. ఊచకు చల్లబడే గుణం ఉంది, ఐరన్‌కు లేదు. అందుకే గడియారం చూసుకుంటూ చెయ్యాలి.

వరస 1, 2, 3 కాదు. ముందు పన్నెండు. దాన్ని నొక్కి మీటి, వెంటనే హెచ్చు సారణి మీటాలి. రెండూ కలవకపోతే వాఁవ్ వాఁవ్ అని ఊగు వినిపిస్తుంది. 1 మి.మీ. తప్పితే అక్కడ సెకనుకు దాదాపు ఒక ఊగు. తర్వాత ఏడోది, పక్క పంచమంతో పోల్చి. ఇక్కడ 1 మి.మీ. తేడాకు రెండు సెకన్లకు ఒక్క ఊగే కాబట్టి ఓపిగ్గా వినాలి. ఆ తర్వాత అయిదోది. దాన్ని పంచమం తీగ మీద నొక్కితే షడ్జం పలకాలి, పక్క సారణితో సరిచూసుకోవచ్చు. రెండోదాన్ని సారణి మీద నొక్కితే వచ్చే రిషభమూ, ఏడోదాన్ని పంచమం మీద నొక్కితే వచ్చే రిషభమూ ఒక్కటే కావాలి. ఇలా నాలుగు మేకులు దిగాక మిగతావి వాటి మధ్య సర్దుకుంటాయి.

చివరన ఇరవై నాలుగోది. అక్కడ 1 మి.మీ. అంటే సెకనుకు మూడు ఊగులు. పైస్థాయి చివరి మెట్లు ఒకదానికొకటి 12 నుంచి 14 మి.మీ. ఎడంలో ఉంటాయి, ఒకదాన్ని వేడి చేస్తే పక్కది కూడా మెత్తబడుతుంది. ఒకటి పెట్టాక పది నిమిషాలు ఆగి, తడిగుడ్డ వేసి చల్లార్చి, అప్పుడు పక్కది.

నాలుగో మెట్టు దగ్గర పేచీ వచ్చింది. అంతర గాంధారం, అంటే పై గాంధారం. ఫోన్‌లో ట్యూనర్ యాప్ చెప్పేచోట పెడితే తంబూరా శ్రుతికి గుచ్చుకుంటుంది. తంబూరాలోంచి స్వయంగా వినబడే గాంధారం అంతకంటే 14 సెంట్లు తక్కువ. అక్కడికి జరిపితే షడ్జ పంచమాలతో కలిసి ఒదిగిపోయింది. అదే మెట్టు పంచమం తీగ మీద కాకలి నిషాదం (పై నిషాదం) కదా, అదీ చెడదు, అదీ అంతే తగ్గి ఒదుగుతుంది. యాప్ మాట కాదని కిందికే పెట్టాం. మిగతా గాంధారాలను గమకంతో లాక్కోవడం వాయించేవాళ్ల పని. మెట్టు ఆధారం ఇస్తుంది, రాగాన్ని ఇవ్వదు.

చెవికి నలభై నిమిషాలే ఓపిక. అది దాటాక అన్నీ కలిసినట్టే వినబడతాయి, లేదా ఏదీ కలవనట్టు. 14వ రోజు సాయంత్రం ఆ హద్దు దాటి పెట్టిన మూడు మెట్లనూ 15వ రోజు పొద్దున మళ్లీ కరిగించాల్సి వచ్చింది. నష్టం మూడు నిమిషాల వేడి, అంతే. ఈ పని మీద ఇష్టం పెరిగేది ఇక్కడే. పొద్దున సెకనుకు నాలుగున్న ఊగు రెండవుతుంది, ఒకటవుతుంది, సాగి సాగి ఒక దగ్గర ఆగిపోతుంది. ఎవరూ మార్కులు వెయ్యక్కర్లేదు, బాగుందని ఎవరూ చెప్పక్కర్లేదు. ఉద్యోగం దిగిపోయాక పొద్దు గడవనివాళ్లకూ, ఇంట్లో ఎవరికో సేవ చేస్తూ బయటికి కదల్లేనివాళ్లకూ ఈ పని సరిపోతుందని మేం గట్టిగా చెప్పడానికి కారణం ఆ ఆగిపోయే ఊగు.

19వ రోజు: బర్రు

ఎనిమిదో మెట్టు నొక్కితే బర్రుమంటోంది. ఎనిమిదోదాన్ని ముట్టుకోకూడదు. తప్పు దానిది కాదు, గుర్రం వైపున్న తొమ్మిదోదో పదోదో ఎత్తుగా ఉంటే తీగ దానికి తగులుతుంది. స్టీలు స్కేలును మూడు మెట్ల మీద నిలబెట్టి చూస్తే తెలుస్తుంది. మధ్యది ఎత్తయితే స్కేలు తక్కెడలా ఊగుతుంది. తొమ్మిదోది ఎత్తు. 25 సెకన్లు వేడి, చిన్న ఒత్తు, నిశ్శబ్దం. ఇలా ఇంకో నాలుగు దొరికాయి.

బర్రు అంతా మెట్లదే కాదు. కుండ మీద పలక అంచు వదులైనా, నాగపాశం (కుండ చివర తీగలు కట్టే చోటు) దగ్గర తీగల కొసలను పట్టి ఉంచే లంగరు వదులైనా అలాంటి మోతే వస్తుంది. ఏ మెట్టు మీద నొక్కినా ఒకేలా మోగితే మెట్లను వదిలేసి వాటిని చూడండి. లంగరు కింద చిన్న గుడ్డపీలిక పెడితే పోయింది.

21, 23 రోజులు: తీర్చడం

మెట్ల మధ్య మిగిలిన మైనాన్ని వెచ్చటి చాకుతో పల్లంగా కోశాం. వేలు మెట్టు వెనక దిగడానికి చోటు కావాలి. రాలిన ముక్కలన్నీ కూడగట్టి డబ్బాలో దాచాం, 60 గ్రాములు. ఎప్పుడు ఏ మెట్టు కుంగినా అదే మైనం కావాలి, కొత్త కలుపు ఇంత గట్టిగా ఇలాగే రాదు. చివర్న పాత పట్టుగుడ్డతో గట్లను రుద్దితే నల్లగా నిగనిగలాడుతుంది.

విజయనగరం మహారాజా సంగీత కళాశాల 1919లో మొదలైంది, ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్. అంతటి సంగీతం నడిచిన ఊళ్లో ఎన్ని అటకల మీద ఎన్ని వీణలు మైనం కుంగి పడి ఉన్నాయో. చూడటానికి నిచ్చెన చాలు.

మే నెల: ఎండ పరీక్ష

నిజమైన పరీక్ష ఇది. ఉక్కపోతలో, మధ్యాహ్నం గది వేడెక్కాక, 12వ మెట్టు కొలిస్తే అర మి.మీ. కుంగింది. మిగతావి నిలిచాయి. గుగ్గిలం ఇంకో 10 గ్రాములు వేసి ఉంటే అదీ నిలిచేదేమో గాని, అప్పుడు చలికాలం పెళుసవుతుంది. ఇలాగే ఉంచాం. డబ్బాలోని మైనం చిటికెడు తీసి కొస కింద కూరి, 30 సెకన్లు వేడి చేసి, హెచ్చు సారణితో కలిపి చూశాం. వీణను రేకుల కప్పు కింద గాని, పడమటి గోడకు ఆనించి గాని పెట్టొద్దు. వెల్లకిలా, గుడ్డ కప్పి, నేలకు దగ్గర్లో ఉంచండి.

ఏడో మెట్టు కొత్తది ఇంకా రాలేదు. పోతపోసేవాళ్లకు పాతది నమూనాగా ఇచ్చాం. ప్రస్తుతానికి ఆ చోట గాడి పడినదే ఉంది, పంచమం దగ్గర గమకం లాగితే సన్నగా గీరుతోంది. వచ్చాక దాన్నొక్కదాన్నే మారుస్తాం.